ఎర్రజొన్న పిప్పి

కాయా ఊరి చివర
నోపోకో దోలో కాచే పాక వెనక
ఎప్పుడూ ఆవిరి కక్కే ఓ చిన్న గుట్ట.
నానిన, మొలిచిన, ఎండిన, నలిగిన,
మళ్ళీ ఉడికిన ఎర్రజొన్నలోంచి
తాగేవాళ్ళకి కావలసిందంతా కుండల్లోకి దిగిపోయాక
మిగిలింది అది.
పిప్పి.
గాడిదలకి కొంత, పందులకి కొంత,
మిగతా అంతా ఈగలది.

నాకప్పుడు నూటఇరవై పిల్లలు.
రెక్కల్లో ఈకలు పొడుచుకొస్తున్న వయసు,
ఎంత పోసినా ఇంకా ఇంకా అని అరిచే వయసు.
నేను తాపీ పనివాణ్ణి. వానల్లో గోడలు లేవవు.
మొక్కజొన్న బస్తా మాత్రం
సంత సంతకీ ఓ మెట్టెక్కేది,
నేను కట్టని మెట్టు.

ఓ సాయంత్రం సిగ్గు చంపుకుని తట్ట పట్టుకెళ్ళాను.
"నీకా, నీ కోళ్ళకా?" అంది నోపోకో
తెడ్డు ఆపకుండానే.
"కోళ్ళకే."
"అయితే పట్టుకుపో. వాటికి నేను బాకీ.
నే పుట్టిన పూట మా నాన్న
తాతల మట్టిగద్దె ముందు తెల్లపుంజుని కోశాడు.
అందుకే నా పేరులో కోడొచ్చి కూర్చుంది.
అరవై రెండేళ్ళు.
వడ్డీ ఎంతయిందో నువ్వే లెక్కగట్టు."

ముందు తప్పింది నా లెక్కే.
తడిపిప్పిని తడిగానే గోనెలో మూటగట్టాను.
మూడోనాటికి లోపల పచ్చగా బూజు,
పులుపు దాటి తీపెక్కిన వాసన.
పారబోయడానికి చెయ్యి రాలేదు.
ఊరికే వచ్చినదాని మీదా మమకారం ఉంటుంది.
తెల్లారేసరికి పదకొండు పిల్లలు
కాళ్ళు చాపుకుని, అన్నీ ఒకేవైపు మెడలు వాల్చి.
లముసా ఒక్క మాటా అనలేదు.
గొయ్యి తవ్వి, పార నా చేతికిచ్చి లోపలికి పోయింది.

నోపోకోకి చెప్పడానికి రెండురోజులు పట్టింది.
ఆవిడ గుట్టలోంచి పిడికెడు తీసి పిండింది.
వేళ్ళ సందుల్లోంచి కారింది.
"ఇలా కారినంతసేపూ ఇది దోలోయే, తాగుబోతులది.
చాప మీద పల్చగా ఆరబొయ్యి.
పిడికిట్లోంచి పొడిగా రాలిందా, అప్పుడు కోడిది."

అప్పట్నుంచి మా రేకుల కప్పు మీద
మధ్యాహ్నమంతా ఓ ఎర్రనేల ఎండుతుంది.
నాలుగుపాళ్ళలో ఒక పాలు పిప్పి.
కాస్త వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి, చిటికెడు ఉప్పు,
మిగతాది చచ్చినట్టు కొనే మొక్కజొన్న.
పిప్పి అంతకు మించితే
పొట్ట నిండుతుంది, ఒళ్ళు నిండదు.
ఈ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.
కరువేడు మా ఇంట్లో అదే తిన్నాం.
మరీ పసివాటికి మాత్రం
పేడ కుక్కిన కుండ పుట్టదగ్గర బోర్లించి
రాత్రికి రాత్రి పట్టిన చెదలు.

"నీ కోళ్ళు తూలుతున్నాయిరా" అని వీధి నవ్వింది.
గంటసేపు కూర్చుని చూశాను.
తూలవు.

గద్ద ఎత్తుకుపోయిన అయిదు పోగా
నవంబరుకి నూట నాలుగు.
వ్యాపారి కాళ్ళు కట్టి, మోపెడ్‌కి రెండువైపులా
తలకిందులుగా వేలాడదీశాడు.
దారంతా తెల్లటి, గోధుమరంగు పువ్వులు
అరుచుకుంటూ పోయినట్టు.
ఒక్కదాన్ని ఇవ్వలేదు. పుంజు, తెల్లది.
చంకన పెట్టుకుని పాకకి వెళ్ళాను.

"బాకీ నాదైతే నువ్వు కట్టడమేమిటి?" అంది నోపోకో.
అంటూనే దాని రొమ్ము వేలితో తడిమి చూసింది,
సంతలో చూసినట్టు.
కొయ్యలేదు.
పొయ్యిరాయికి తాడుతో కట్టింది.

నిన్న వెళ్ళేసరికి తాడు లేదు.
గుట్ట పైన నిలబడి ఉంది అది,
మెడ ఈకలు రిక్కించి,
గాడిదని దగ్గరికి రానివ్వకుండా.
తట్ట నా వైపు తోసింది నోపోకో.
"దాన్నడిగి తీసుకో."